జీవోలో లేని సాయం

చదువుకు తోడు నిలిచినవాళ్లలో మనసులో మిగిలిపోయేది ఎవరు? ఒంగోలు మిషన్ స్కూలు నుంచి ఇప్పటి గురుకులాల దాకా ఆ లెక్క తీస్తే...

ఒంగోలులో ఒక కుర్రాడికి మూడు రూపాయలు కావలసి వచ్చాయి. పరీక్ష ఫీజు కట్టాలి. తండ్రి లేడు. తల్లి సుబ్బమ్మ పూటకూళ్ల ఇల్లు పెట్టుకుని పిల్లల్ని సాకుతోంది. అద్దంకిలో ఉన్న బావగారిని అడుగుదామని కుర్రాడు కాలినడకన వెళ్లాడు, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. చివరికి సుబ్బమ్మ తన పట్టుచీర తాకట్టు పెట్టింది, ఫీజు కట్టారు. ఆ కుర్రాడు టంగుటూరి ప్రకాశం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు.

పట్టుచీర కథ చాలామందికి తెలుసు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడి పేరు అంతగా వినిపించదు. ఆయన ఒంగోలు మిషన్ స్కూల్లో మాస్టారు. ప్రకాశాన్ని ఫీజు లేకుండా బడిలో చేర్చుకునేట్టు చూశాడు. నాటకాలంటే ప్రాణం పెట్టే మనిషి కాబట్టి ఈ కుర్రాడి చేత ఆడవేషాలు కట్టించాడు. తర్వాత మకాం రాజమండ్రికి మారుస్తూ ప్రకాశాన్నీ వెంటబెట్టుకెళ్లి అక్కడ చదువులో పెట్టాడు.

ఫీజు మాఫీ ఒక సాయం. ఊరు మారిపోతున్న మాస్టారు తన సామాన్లతో పాటు ఒక పేదింటి పిల్లాణ్నీ బయల్దేరదీయడం ఇంకో సాయం. మొదటిదానికి రిజిస్టర్లో ఒక గడి ఉంటుంది, రెండోదానికి ఉండదు. లేమిలోంచి చదువుకుని పైకొచ్చినవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. స్కాలర్‌షిప్పు ఎంత వచ్చేదంటే తడుముకుంటారు. గడిలో పట్టని ఆ రెండో సాయం చేసిన మనిషిని మాత్రం ఇంటిపేరుతో సహా చెబుతారు. అలాగని మొదటిదాన్ని తక్కువ చేయడానికి లేదు. ఆ మూడు రూపాయలు దొరక్కపోతే ప్రకాశం పరీక్షే రాసి ఉండడు.

ఏడు ఇళ్ల అన్నం

స్కాలర్‌షిప్పులు లేని కాలంలో తెలుగునాట పేద విద్యార్థికి దొరికిన ఏర్పాటు వారాలు. సోమవారం కరణంగారింట్లో, మంగళవారం ప్లీడరుగారింట్లో, బుధవారం మరో ఇంట్లో. అలా ఏడు రోజులకూ ఏడు ఇళ్లు మాట్లాడుకుని భోజనం అక్కడ, పడక ఏ గుడి మండపంలోనో మాస్టారి అరుగు మీదో. ఏ ఇంటికైనా ఆ రోజు తాళం పడిందంటే ఆ పూటకు పస్తే. తొలి తరం తెలుగు ప్లీడర్లు, మాస్టర్లు, పండితులు పాత రోజుల గురించి చెప్పుకుంటే వారాల మాట రాకుండా పోదు. వేడన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసిన ఇల్లాళ్లను కొందరు చచ్చేదాకా తలుచుకున్నారు. విస్తరి ముందు వినపడిన ఎత్తిపొడుపు మాటల్ని కొందరు చచ్చేదాకా మరవలేదు.

ఆ ఏర్పాటుకి ఎంత పేరుందో అంత ఎత్తున గోడా ఉంది. వారం దొరికేది దాదాపుగా బ్రాహ్మణ పిల్లలకే, బ్రాహ్మణ ఇళ్లలోనే. దళితవాడ పిల్లవాడు ఆ అరుగులే ఎక్కలేడు, ఇక వారం సంగతేముంది? ఇవాళ ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయే వ్యాసాల్లో ఈ ముక్క రాయడం మరిచిపోతుంటారు.

నెలకు పదకొండున్నర పౌండ్లు

డబ్బు ఉండి ఆదరణ లేకపోతే చదువు ఏమవుతుందో తెలియాలంటే 1913 నుంచి 1917 దాకా అంబేడ్కర్ జీవితం చూడాలి.

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ చదివేటప్పుడు ఆయనకు బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయలు ఇచ్చారు. మహారాజు దాకా తీసుకెళ్లి మాట సాయం చేసింది కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు. సాయంత్రం పూట తోటలో కూర్చుని చదువుకుంటున్న కుర్రాణ్ని చూసి తనంతట తానే పలకరించిన మనిషి ఆయన. 1913లో అమెరికా వెళ్లడానికి అదే సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు మంజూరు చేసింది. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా కొలువు చేయాలన్నది ఒప్పందం.

న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీ. అక్కడ ఎవరూ కులం అడగలేదు. హాస్టల్లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి తోడయ్యాడు, ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. పాఠం చెప్పింది జాన్ డ్యూయీ, సెలిగ్మన్ వంటి హేమాహేమీలు. తన జీవితంలో దొరికిన మంచి స్నేహితుల్లో కొలంబియా సహాధ్యాయులూ, ఆ గురువులూ ఉన్నారని 1930లో ఆ యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల పత్రికకు ఆయనే రాశారు. గట్టి మనిషి, పొగడ్తలు అంత సులువుగా రాయని మనిషి రాసిన మాట అది.

స్కాలర్‌షిప్పు గడువు తీరింది. 1917లో ఒప్పందం ప్రకారం కొలువు చేయడానికి బరోడా వచ్చారు. స్టేషనుకెళ్లి తీసుకురమ్మని మహారాజు ఉత్తర్వు ఇచ్చినా ఒక్కరూ వెళ్లలేదని జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పి, రోజుకు రూపాయిన్నర అద్దెకు దిగారు. పాత సామాన్లు పడేసిన పెద్ద హాలు, మాట్లాడటానికి మనిషి లేడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చి ఖాళీ చేయమన్నారు. ఊళ్లో తెలిసిన ఒక హిందూ స్నేహితుడి ఇంటికి వెళితే, నిన్ను ఉంచుకుంటే నా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుడు భార్య వచ్చాక చెబుతానన్నాడు. ఆఫీసులో ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి బల్ల మీదికి విసిరే బంట్రోతులు. చివరికి కామాఠీబాగ్ అనే పబ్లిక్ తోటలో కూర్చుని, రాత్రి బొంబాయి రైలు వేళయ్యేదాకా అక్కడే గడిపి, బరోడా వదిలేశారు.

నెలనెలా పౌండ్లు పంపిన సంస్థానమే ఇది. ఇచ్చిన చేయిదీ తప్పు కాదు, సయాజీరావు మేలు అంబేడ్కర్ ఎన్నడూ మరవలేదు. ఉత్తర్వు ఉంది, జీతం ఉంది, పదవి ఉంది. తలుపు తీసి లోపలికి రమ్మన్న ఇల్లు లేదు. న్యూయార్కులో పక్క మంచం మీద పడుకున్న ఒక పార్సీ ఆప్తుడు కాగా, బరోడాలో కర్రలు పట్టుకొచ్చిందీ పార్సీలే. లండనులో ఆగిపోయిన చదువు పూర్తి చేయడానికి తర్వాత అప్పిచ్చి ఆదుకున్నవాళ్లలో మళ్లీ ఆ భతేనాయే ఉన్నాడు. ఏ స్కాలర్‌షిప్పు ఒప్పందంలోనూ లేని మనిషి.

వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ సభ్యుడుగా ఉన్న రోజుల్లో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో ఏ కాలేజీ నోటీసు బోర్డులో చూసినా కనిపించే స్కాలర్‌షిప్పు ఫారాలకు మూలం అక్కడుంది.

కాకినాడలో ఒక తెల్లబట్టల ప్రిన్సిపాలు

మన దగ్గర ఈ రెండు సాయాలూ ఒకే చోట కుదిరిన సందర్భం కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ. రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలు. డబ్బు పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్‌ది, మనసు నాయుడుగారిది. ఆడపిల్లల్ని మగపిల్లలతో పాటు కాలేజీలో కూర్చోబెట్టాలంటే ఊళ్లోవాళ్లు ముక్కున వేలేసుకునే రోజుల్లో చేర్చుకున్నారు. దళిత విద్యార్థులకు హాస్టలు పెట్టారు. అనాథ శరణాలయం నడిపారు. తన జీతంలో చాలా భాగం పేద విద్యార్థులకే పోయేది. బ్రహ్మసమాజి, ఎప్పుడూ తెల్లబట్టలే. దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటి శిష్యులు ఆయన ప్రభావం నుంచి బయటపడటానికి కూడా ఇష్టపడలేదు. తర్వాత మద్రాసు యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు, సర్ బిరుదూ వచ్చింది. కాకినాడలో మాత్రం ఇప్పటికీ ప్రిన్సిపాలుగానే గుర్తు.

హైదరాబాదు కథ వేరు. నిజాం రాజ్యంలో పల్లెల నుంచి పట్నానికి చదువుకు వచ్చే తెలుగు కుర్రాడికి తలదాచుకునే చోటు లేదు. 1918లో రెడ్డి హాస్టలు మొదలైంది. తర్వాత పట్నం కొత్వాలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి దాని వెనక నిలిచిన మనిషి. సురవరం ప్రతాపరెడ్డి చాలా ఏళ్లు హాస్టలు బాధ్యతలు చూశారు. అక్కడ గ్రంథాలయం, వ్యాయామం, తెలుగు సభలు, గొడవలు, రాజకీయం అన్నీ ఉండేవి. తెలంగాణ ఉద్యమాలకు మనుషులు తయారైన చోట్లలో అదొకటి. తర్వాత ఒక్కో కులమూ పట్నంలో తన పిల్లలకు హాస్టలు కట్టుకుంది. నారాయణగూడ, హిమాయత్‌నగర్, కాచిగూడ వీధుల్లో ఇప్పటికీ ఆ బోర్డులున్నాయి. ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి అన్నం, పడక, మన యాస మాట్లాడే నలుగురు దొరికారు. ఇక్కడా లెక్క అదే: ఎవరి వాళ్లకు వాళ్లే తలుపు తీశారు. డబ్బూ భూమీ లేని కులాలకు హాస్టలు కట్టేదెవరు? 1910 నుంచీ ఇల్లిల్లూ తిరిగి హైదరాబాదు దళిత పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఒంటిచేత్తో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పని మొదలుపెట్టారు. ప్రభుత్వం ఆ పనిని పూర్తిగా తలకెత్తుకోవడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

ఆ తలకెత్తుకున్నవాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ పేరు ఎత్తకుండా ముందుకు పోవడం కష్టం. తమిళనాట పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ నడిపిన ఐఏఎస్ అధికారి. పెళ్లి చేసుకోలేదు. వెట్టిచాకిరీ విముక్తికీ, సంక్షేమ హాస్టళ్లకీ, గురుకులాలకీ ఫైళ్ల మీద ఆయన చేసింది ఒక ఎత్తు. జీతంలోనూ, రిటైరయ్యాక పింఛనులోనూ పెద్ద భాగం దళిత పిల్లల చదువుకే పెట్టడం ఇంకో ఎత్తు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూసినప్పుడు ఆయన్ని కడసారి చూడటానికి వచ్చినవాళ్లలో, ఆయన డబ్బుతో చదివి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఎందరో. జీవోలు రాసే కుర్చీలో కూర్చున్న మనిషే జీవోలో లేని పని ఇంతలా చేస్తే మిగతావాళ్లకు సాకులు మిగలవు.

పేరు కొట్టించిన పళ్లెం

1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం వచ్చింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. దాని వెంటే తాడికొండ, కొడిగెనహళ్ళి. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు, ఆ తర్వాత గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు. ఇవాళ రెండు రాష్ట్రాల్లో లక్షలాది పిల్లలు ఈ గేట్ల వెనక చదువుతున్నారు.

జూన్‌లో ఏ గురుకులం గేటు ముందైనా ఒక పూట నిలబడండి. ఆటోల్లోంచి ట్రంకు పెట్టెలు దిగుతుంటాయి. ఆకుపచ్చ రంగుది, గులాబీ పువ్వు బొమ్మది, అక్క వాడగా మిగిలిన సొట్టది. పెట్టె తాళం చెవి నల్లదారానికి కట్టి మెడలో వేసి ఉంటుంది. బకెట్టు, మగ్గు, దుప్పటి, రెండు జతల చెప్పులు. స్టీలు సామాన్ల కొట్లో పేరు కొట్టించిన పళ్లెం, గ్లాసు. ఆ పేరు కొట్టించడానికి తల్లి కొట్టువాడితో ఎంతసేపు బేరమాడిందో పిల్లకు తెలుసు. ఐదో తరగతి పిల్ల, పదేళ్లు. అమ్మ వెళ్లేదాకా బింకంగా ఉంటుంది, ఆటో మలుపు తిరిగాక మొదలవుతుంది ఏడుపు.

అప్పుడు జరిగేదంతా ఏ రూల్సు పుస్తకంలోనూ రాసి ఉండదు. ఎనిమిదో తరగతి అక్క ఒకామె వస్తుంది. పెట్టె పట్టుకుని డార్మెటరీకి తీసుకెళ్తుంది. ఏ కుళాయిలో పొద్దున్నే నీళ్లొస్తాయో, ఏ బాత్రూం గడియ సరిగా పడదో, ఏ మేడంకి కోపం ఎక్కువో చెబుతుంది. రాత్రి తన పరుపు పక్కనే పడుకోబెట్టుకుంటుంది. తెల్లారి అయిదింటికి గంట. అసెంబ్లీ లోపల తయారవ్వాలి. ఆడపిల్లల గురుకులంలో ఆ అరగంట చూడవలసిందే. పిల్లలు ఒకరి వెనక ఒకరు బారుగా కూర్చుంటారు, ముందున్న పిల్లకు వెనకున్న పిల్ల జడ వేస్తుంది. రెండు జడలు, రిబ్బను మడిచి పైకి కట్టాలి. పది మంది కూర్చుంటే రైలులా ఉంటుంది. చివర కూర్చున్న పిల్లకు జడ వేసేవాళ్లుండరు కదా, ముందు జడ పడిన పిల్ల లేచి వచ్చి వెనక చేరుతుంది. కొత్తపిల్లను ఆ బారులోకి లాగేశారంటే ఇక ఆ పిల్ల బడి మానదు. ఇది నా సొంత లెక్క, ఏ విద్యావేత్తా చెప్పింది కాదు.

తండా నుంచి వచ్చే పిల్లలకు ఇంకో చిక్కు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. "మొదటి నెల నేను నోరే తెరవలే సార్. అన్నిటికీ తలూపేదాన్ని," అని ఒకమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు నర్సింగ్ పూర్తిచేసి ఆసుపత్రిలో పనిచేస్తోంది. "మా తండా పక్క తండా అక్క ఒకామె టెన్త్ చదివేది. రాత్రి స్టడీ అవర్‌లో నా పక్కన కూర్చుని సైన్సు పాఠం మా భాషలో చెప్పేది. ఆమె లేకపోతే నేను దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్లా వచ్చేదాన్ని కాదు." ఆ అక్క జ్వరం వచ్చినప్పుడు కూడా చెప్పిందట, గొంతు బొంగురుపోయి. స్కాలర్‌షిప్పు ఎంత వచ్చేదమ్మా అంటే, "అది నేరుగా కాలేజీకి పోయేది సార్, నాకు తెల్వదు," అంది.

ఈ రాస్తున్నవాడూ హాస్టలు అన్నం తిన్నవాడే. ఒక జిల్లా కేంద్రంలో, బీసీ హాస్టల్లో. వంట పెద్దమ్మ తెల్లారకముందే వచ్చి రాత్రి గిన్నెలు తోమి వెళ్లేది. టైఫాయిడ్ వచ్చి పది రోజులు పడుకున్నప్పుడు మెనూలో లేని జావ విడిగా కాచి, ఇంటి నుంచి తెచ్చిన నిమ్మకాయ తొక్కు వేలితో నాలుక మీద రాసేది. సాయంత్రం ఇంటికి పోబోతూ నుదురు మీద చేయి పెట్టి చూసి, కాలుతోంటే ఆ రాత్రికి ఉండిపోయేది. ఆమెది రోజు కూలీ లెక్క ఉద్యోగం. ఓవర్‌టైం లేదు.

మెనూ అన్నాను కాబట్టి డబ్బు సంగతి. తెలంగాణలో 2024లో డైట్ చార్జీలు పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి దాకా పిల్లకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు. ఎనిమిది నుంచి పది దాకా 1,100 నుంచి 1,540. ఇంటర్, ఆపైన 1,500 నుంచి 2,100. చిన్నపిల్లల లెక్క తీసుకుంటే రోజుకు 44 రూపాయలు. అందులో పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం, గుడ్డు, ఆదివారం చికెను. పెంచాక ఇది, పెంచకముందు రోజుకు 32 కూడా లేదు. హాస్టలు పిల్లలు నీళ్లచారు గురించి జోకులేసుకుంటారంటే ఊరికే కాదు. కలుషితాహారం తిని పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు మన పేపర్లలోనే వస్తున్నాయి. కృతజ్ఞత గురించి రాస్తూ వాటిని దాటవేస్తే ఆ పిల్లలకు ద్రోహం. ఇదే డబ్బుతో, ఇదే బియ్యంతో ఒక హాస్టల్లో పిల్లలు ఆబగా తింటారు, ఇంకో హాస్టల్లో పళ్లెం తీసుకెళ్లి కుండీలో బోర్లిస్తారు. తేడా వంటగదిలో నిలబడే మనిషిది, నెలకొక్కసారైనా పిల్లల పంక్తిలో కూర్చుని తినే వార్డెనుది.

జీవోలో లేని సాయానికి ఇంకో ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2014 మే 25న మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని, తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. తోడుగా ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్. భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్పడంతో మొదలైంది ఆ ప్రయాణం. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్, శిక్షకుడు శేఖర్‌బాబు వెనక నిలిచారు. సంక్షేమ బడి పిల్లల్ని ఎవరెస్టు ఎక్కించమని ఏ జీవోలో ఉంది? 

నెలకు వెయ్యి

గురుకులంలో సీటు రాని పిల్లలే ఎక్కువ. వాళ్లు ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతారు. వాళ్ల కోసం ఎన్ఎంఎంఎస్ అని కేంద్ర స్కాలర్‌షిప్పు ఒకటుంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నెలకు వెయ్యి. దేశం మొత్తానికి ఏడాదికి లక్ష స్కాలర్‌షిప్పులు.

పట్నంలో ఒక కుటుంబం ఒక ఆదివారం హోటలుకు వెళితే అయ్యే డబ్బు. ఇది ఎవరికి ఏమవుతుందో తొమ్మిదో తరగతి ఆడపిల్లల తండ్రుల్ని అడగాలి. పిల్ల పేరు మీద బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతోందంటే ఇక పెళ్లి మాట రెండేళ్లు వాయిదా పడుతుంది. ఈ స్కాలర్‌షిప్పు చేసే అసలు పని అది.

అయితే ఆ పరీక్షకు పిల్లల్ని తయారుచేసేది ఎవరు? రీజనింగ్ అనేది సిలబస్‌లో పాఠంగా లేదు. బడి విడిచాక నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆగి పాత ప్రశ్నపత్రాలు చేయించే లెక్కల సారు చేస్తాడు. అప్లికేషన్ ఫీజు కొందరు పిల్లలకు ఆయనే కడతాడు. ఆదివారం పరీక్షకు ఆటో మాట్లాడి సెంటరుకు తీసుకెళ్తాడు, మధ్యలో ఇడ్లీ తినిపిస్తాడు. నెగ్గాక అసలు పరీక్ష. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, బడి రికార్డులో వెనకుంటుంది, బ్యాంకు పాసుబుక్కులో అసలే ఉండదు. సైటు ఒప్పుకోదు. మీసేవ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరిగి ఆ మూడు పేర్లూ ఒకటి చేయించేదీ ఆ సారే. ఏటా రెన్యువల్ చేయకపోతే ఆగిపోతుంది, గుర్తుపెట్టుకుని ఫోను చేసేదీ ఆయనే. ఈ పనికి ఆయనకు వచ్చే డీఏ సున్నా.

కాలేజీకి వెళ్లాక చిక్కులు మారతాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు పేరుకుపోతాయి, కాలేజీలు బంద్ చేస్తామంటాయి. సర్కారు డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తుంది. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడుతుంటే పిల్లవాడు అప్పు చేసి ఫీజు కట్టి టీసీ తెచ్చుకుంటాడు. అలాంటి పిల్లవాణ్ని స్టేజీ మీదికి పిలిచి ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పమంటే ఏం చెబుతాడు? సమయానికి రాని స్కాలర్‌షిప్పు పరీక్ష అయిపోయాక వచ్చిన హాల్‌టికెట్టు లాంటిది.

పెద్ద చెక్కు, చిన్న పిల్ల

పేపర్లో పనిచేసేవాళ్లకు వారంలో కనీసం రెండుసార్లు వచ్చే ఫొటో ఒకటుంది. మంచమంత చెక్కు. దాన్ని ఎనిమిది మంది పెద్దవాళ్లు పట్టుకుని ఉంటారు. మెడల్లో శాలువాలు. సాయం అందుకున్న పిల్ల ఎక్కడో చివర, సగం చెక్కు చాటున. క్యాప్షన్‌లో ఎనిమిది పేర్లూ వస్తాయి, ఆ పిల్ల మాత్రం "నిరుపేద విద్యార్థిని". ఆ మాట మర్నాడు పేపరు చదివే క్లాసు పిల్లలందరికీ కనబడుతుంది.

ఇచ్చేవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో తెలుగు సంఘాలు, ఊరి పేరు మీద ట్రస్టు పెట్టిన రిటైర్డు ఇంజనీర్లు, టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు ఏటా ఎన్ని వేల మంది చదువుల్ని ఆపకుండా నడిపిస్తున్నాయో దగ్గర్నుంచి చూస్తున్నాం. ఫొటో వస్తే ఇంకో పదిమంది ఇస్తారన్న వాదనలోనూ కొంత నిజముంది. కానీ పిల్లల చేత ఒకే అచ్చులో రాయించే కృతజ్ఞతా లేఖలు, డబ్బు ముట్టిన ప్రతిసారీ మైకులో మాట్లాడించడం - ఇవి కృతజ్ఞతను పుట్టించవు, పాతకాలం విస్తరి ముందు ఎత్తిపొడుపుల్నే గుర్తుచేస్తాయి. సర్కారు స్కాలర్‌షిప్పయితే అసలు దయే కాదు, హక్కు. హక్కుకు దండం పెట్టించకూడదు.

ఏ ఊళ్లోనైనా వేసవిలో జరిగే పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వెళ్లండి. స్టేజీ మీద ఫ్లెక్సీ, మైకులో ఉపన్యాసాలు, పాత మాస్టర్లకు శాలువాలు, మెమెంటోలు. అంతా పద్ధతిగానే ఉంటుంది. అసలు మాటలు భోజనాల దగ్గర మొదలవుతాయి. సినిమాకు గోడదూకి వెళ్లి దొరికిపోయినా ఇంటికి ఉత్తరం రాయని వార్డెను. పండక్కి ఇంటికి పోవడానికి బస్సు చార్జీలు లేవని తెలిసి, అడక్కుండానే పుస్తకంలో నోటు పెట్టి ఇచ్చిన తెలుగు మేడం. రాత్రి గేటు తీసిన వాచ్‌మను. ఈ పేర్లు ఆహ్వానపత్రంలో ఎక్కడా ఉండవు. ఒక బ్యాచ్ వాళ్లు మొన్నామధ్య ఆ లోటు గుర్తించి వాచ్‌మను తాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు, శాలువాతో కాదు, కంటి ఆపరేషన్ ఖర్చుతో.

నర్సు అమ్మాయి సంగతి మళ్లీ. మొదటి జీతం రాగానే చదివిన బడికి ఏమైనా చేద్దామనుకుంది. స్నేహితురాళ్లు సీలింగు ఫ్యాన్లు కొనిద్దామన్నారు, పేర్లు రాయించి. ఆమె వద్దంది. జూన్‌లో కొత్తపిల్లలు చేరే వారం రోజులు సెలవు పెట్టి బడిలోనే ఉంటానంది. జ్వరాలొస్తే చూసుకోవచ్చు, తండా పిల్లలకు మాట సాయం ఉంటుంది, పొద్దున జడలకూ ఒక చెయ్యి.

ప్రిన్సిపాల్ మేడంకి ఆలోచన నచ్చింది. అయితే బయటివాళ్లు రాత్రి క్యాంపస్‌లో ఉండాలంటే పైనుంచి పర్మిషన్ కావాలట. దరఖాస్తు ఎవరి పేరున రాయాలో, ఏ కాలమ్ కింద రాయాలో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఆమె తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, డ్యూటీ టైమయిందని వెళ్లిపోయింది.